సున్నం కింది హంస

హనుమకొండ,
21 నవంబరు 2025

పండితురాలు పద్మలతకు, ఒకప్పుడు హాస్టల్లో నీ గదిలోనే ఉన్న సుగుణ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం పేపర్లో ఫొటోలతో సహా చూస్తూనే ఉన్నాను. రేపటి సాహిత్య సదస్సులో కీలకోపన్యాసం నీదేనట. అంశం కూడా చదివాను: 'శివుడికి శిరస్సునిచ్చిన స్త్రీ: శైవ కవిత్వంలో, శిల్పంలో'. సంతోషం.

ఆ స్త్రీని మనం మొదటిసారి చూసిన రోజు గుర్తుందా? ములుగులో జీపెక్కి, అడవిలో ఉన్న ఆ కాకతీయుల నాటి గుడికి వెళ్లాం. గోడంతా సున్నం పేరుకుని ఉంది. ఒక చేత్తో జుట్టు పట్టుకుని, ఇంకో చెయ్యి మెడ దగ్గరికి తెచ్చిన బొమ్మ; ఆ చేతిలో సున్నం పెళ్ల కత్తిలా కనిపించింది. "తల నరుక్కుంటాంది పద్దూ, శివునికిస్తాంది!" అని అరిచింది నేను. ఏళ్లపాటు శైవ ద్విపదలు తిరగేసి ఆ మాటకు ఆధారాలు వెతికింది నేను.

అమ్మను దవాఖానలో చేర్చినప్పుడు నా కాగితాలన్నీ నీకిచ్చి వెళ్లాను. "ఫికర్ చెయ్యకు, నేను టైప్ చేపిస్తగా" అన్నావు. చేయించావు, నీ పేరుతో. నేను సిద్ధాంత వ్యాసం ఇచ్చేసరికి నీ వ్యాసం అచ్చయిపోయింది. గైడు మల్లికార్జున్ సారు అందరి ముందు "దోస్తుదే దొంగిలిస్తవా, సిగ్గనిపిస్తలేదా?" అని నన్ను నిలదీస్తుంటే నువ్వు పక్కనే ఉండి నేలచూపులు చూశావు. "డాక్టరేటు ఎప్పుడొస్తది బిడ్డా" అని అడుగుతూనే అమ్మ పోయింది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. నిన్ను క్షమిద్దామనీ చూశాను. నా వల్ల కాలేదు.

పోయిన ఎండాకాలం ఆ గుడికి మళ్లీ వెళ్లాను. మరమ్మతుల వాళ్లు సున్నమంతా గీకేశారు. అక్కడ దీపం పెట్టే కట్టమ్మ "ఇన్నేండ్లు ఉక్కపోసి సచ్చింది తల్లి, ఇప్పుడు జర గాలాడుతాంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ చేతిలో కత్తి లేదు పద్మా. రెండు చేతులూ తడి జుట్టును పిండుతున్నాయి. కాళ్ల దగ్గర ఒక హంస ముక్కు తెరిచి, రాలే నీటిబొట్లు తాగుతోంది. స్నానం చేసొచ్చిన అమ్మాయి! ఆమె తల ఎవరికీ ఇవ్వడం లేదు, ఆరబెట్టుకుంటోంది.

నా చదువంతా తప్పుడు చదువని గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా తట్టింది: ఆ తప్పు ఇప్పుడు నాది కాదు. ఆ వ్యాసాన్నే పెంచి నువ్వు వేసుకున్న పుస్తకం అట్ట మీద, నీ పేరు కింద ఉంది. నువ్వు మళ్లీ అటు తొంగి కూడా చూడలేదని కట్టమ్మే చెప్పింది.

నేనొక్క ఫోన్ చేస్తే నువ్వు ఉపన్యాసం మార్చుకునేదానివి. నీ నంబరు నా దగ్గరుంది. చెయ్యలేదు.

ఉంటాను,
సుగుణ

తా.క.: ఇది ముందే పంపితే నీకు మేలు చేసినట్టవుతుంది. అందుకే నువ్వు ఉపన్యాసం ముగించి, చప్పట్ల మధ్య కిందికి దిగి కూర్చున్నాకే నీ చేతికివ్వమని సదస్సు పనులు చూసే దీపకు చెప్పాను. చదివాక తలెత్తి చూడు. నీ తర్వాత మాట్లాడాల్సినాయన రాలేనని ముందే చెప్పేశాడు, ఆ సమయం దీప నాకిప్పించింది. ఆయన బదులు, సున్నం గీకిన ఆ బొమ్మ ఫొటోతో మైకు ముందు నిలబడింది నేనే. లేచి వెళ్లిపోకు, ప్రశ్నలు నిన్నే అడుగుతారు.