తొంభై తొమ్మిది కంటే ముందొచ్చిన నూరు

కౌశుంగ్,
గణతంత్రం 100, మార్చి 20.

అమ్మకు పీ-యున్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని నువ్వు రాసినా నేను నమ్మలేదు, నిజం రాయి.

నువ్వు పంపిన ఎండు స్క్విడ్ ముక్కలకు బూజు పట్టిందా అని అడిగావు. పట్టేదాకా ఉంటే కదా! నీ అల్లుడు టీవీ చూస్తూ మొత్తం నమిలేశాడు. ఇంకా పంపమని నాతో రాయించడానికి సిగ్గుపడుతున్నాడు.

ఇక్కడి వృద్ధాశ్రమంలో నీ వంతు ఎప్పుడొస్తుందని కూడా అడిగావు. దానికి జవాబు కాస్త పొడుగు.

మా నగరపాలక ఆఫీసులో ఆ ఆశ్రమం జాబితా చూసే ప్రోగ్రాం గణతంత్రం ఎనభై ఎనిమిదో ఏట నేనే రాశాను. దరఖాస్తు తేదీని తేదీగా కాక, ఉత్త అంకెల వరుసగా దాచాను. గణతంత్రం నూరో ఏడు, అంటే ఈ ఏడు, అప్పట్లో ఎక్కడో ఉందనిపించింది. అలా దాచిన తేదీల్ని పోల్చేటప్పుడు మిషన్ మొదటి అంకె నుంచి చూసుకుంటూ వస్తుంది. నూరులో మొదటిది ఒకటి, తొంభై తొమ్మిదిలో తొమ్మిది. ఒకటి చిన్నది కాబట్టి నూరే ముందని తేల్చేసింది. దాంతో ఈ జనవరి నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళంతా, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళ ముందుకొచ్చి కూర్చున్నారు.

కిందటి సోమవారం లై అనే పెద్దాయన పాత రసీదు పట్టుకొచ్చాడు.

"అమ్మాయ్, డిసెంబర్లో తర్వాతి గది మీదే అన్నారు. ఇప్పుడు నంబరు ఇరవై ఆరు అంటున్నారు. నేనేమైనా వెనక్కి నడుస్తున్నానా? మా ఆవిడను మంచం మీంచి లేపాలంటే నా నడుం ఒప్పుకోవట్లేదు."

అరగంటలో తప్పు దొరికింది. ఈ జనవరిలోనే దరఖాస్తు పెట్టిన నీ పేరూ జాబితా మొదట్లో కనబడింది. "చూసి చెబుతానండీ" అని ఆయన్ని పంపేశాను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదమ్మా. గురువారం రెండో అంతస్తులో గది ఖాళీ అయింది, నీ పేరొచ్చింది. సంతకానికి బదులు వేసే నీ ముద్ర నా దగ్గరే ఉంది కదా, కాగితం మీద వేసేశాను. సాయంత్రం నీకోసం దుప్పటి కూడా కొన్నాను.

శుక్రవారం ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. తిడతాడనుకున్నాను. సంచీలోంచి నాలుగు జామకాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "పాపం నాకోసం వెతుకుతున్నావు కదా, తిను" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేరుగా బాస్ దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన జాబితా తెరిచి నీ పేరు చూశాడు. తర్వాత, "ముందు సరిచెయ్యి. తిట్లు తర్వాత" అన్నాడు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన చిన్నపిల్ల యెన్-త్సు, "అక్కా, తొంభై తొమ్మిదికి ముందో సున్నా తగిలిస్తే పోలా?" అంది. "పోతుంది. వెయ్యో ఏట వచ్చే పిల్ల మనిద్దర్నీ తిడుతుంది" అన్నాను. ప్రతి గణతంత్ర ఏడాదికీ పందొమ్మిది వందల పదకొండు కలిపి ఇంగ్లీషు సంవత్సరం చేసి, అన్నిటినీ అసలైన తేదీలుగా మార్చాం. ఎవరో ఒకావిడ ఫిబ్రవరి ముప్పైన దరఖాస్తు పెట్టినట్టుంది, మిషన్ ససేమిరా అంది. ఫోన్ చేసి కనుక్కున్నాం. శనివారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఆ గది లై దంపతులకు వెళ్ళింది. నీ నంబరు ముప్పై తొమ్మిది.

ఇంకొకటి చెప్పాలి. నీ మోకాళ్ళ కోసమే ఆశ్రమమని నీకు చెప్పాను. అది సగమే నిజం. మనిద్దరం ఒక ఇంట్లో ఉంటే రోజూ పోట్లాడుకుంటామని నాకు భయం. అందుకే నిన్ను దగ్గరికి తెచ్చుకోవాలి, కానీ ఇంట్లోకి కాదు అనుకున్నాను. నీ ముద్ర వేసేటప్పుడు నా చెయ్యి అంత తొందరపడింది అందుకే. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పోట్లాడుకుందాం, ఏమవుతుంది? మా ఇంటి కింది గదిలోంచి స్కూటర్ తీయించేశాను, నీకు మెట్లెక్కే పని లేదు. నిన్న వాన కురిసి వీధిలో దాని సీటు తడిసి ముద్దయింది, నీ అల్లుడు గొణుగుతూనే తుడుచుకున్నాడు. దుప్పటి ఆ గదిలోనే పరిచాను. పెంఘూ దీవి నుంచి నువ్వొచ్చే ఓడ ఏ రోజుదైనా సరే, రేవుకొస్తాను.

ఇట్లు,
నీతో పోట్లాడే రెండో కూతురు,
పీ-యున్