మొన అరిగిన స్క్రూలు

1986 మే 27, ఆదోని
మూతపడిన జిన్నింగ్ మిల్లు పైకప్పు విప్పడం ఈ రోజుతో అయిపోయింది. రేకులన్నీ ఎమ్మిగనూరులో నేతగాళ్ల కొత్త షెడ్డుకు పోతాయి. మా అబ్బా చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఫిట్టింగ్ పని నాదే. కానీ ఈ పని అందరూ ఆయనకే, బడే సాబ్‌కే, ఇచ్చామనుకుంటున్నారు. చెడితే ఆయన పేరే చెడుతుంది.

రేకుల్ని పట్టుకున్నవి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు. ముందు బొక్క వేయక్కర్లేదు, వాటి మొనే ఇనుమును తొలుచుకుని దిగుతుంది. మిల్లు సేటు బొంబాయి నుంచి తెప్పించాడట. గోనెసంచి నిండా ఉన్నాయి.

మే 30, ఎమ్మిగనూరు
ఒక్కటీ దిగలేదు. పొగ వచ్చింది, మొన నీలమైంది, స్క్రూ ఇనుము మీద జారిపోయింది. కొత్తవి రావాలంటే నెల పడుతుందట. వానలు అంతవరకు ఆగవు. సిద్దమ్మ అప్పుడే తన మగ్గం షెడ్డులోకి తెచ్చి టార్పాలిన్ కప్పుకుంది. పోయినేడు ఆమె మగ్గం మీది పడుగు నూలంతా వానకు కుళ్లిపోయింది.

"గాలొస్తే నీ రేకులు ఉరుకుంద ఊర్లో ఏరుకోవాల, జహీరా" అన్నాడు షెడ్డు కట్టిస్తున్న శేషన్న. అందరూ నవ్వారు.

మే 31
రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 1, ఉదయం
అబ్బా భూతద్దం ఇచ్చి, స్క్రూను మొన నుంచి తల దాకా చూడమన్నాడు. మొన మొద్దుబారింది. చుట్టూ మెలిక తిరిగిన థ్రెడ్ మాత్రం కొత్తదే! తొలవడం దానివల్ల కాదు, పట్టుకోవడం అవుతుంది.

డ్రిల్లింగ్ మెషీన్‌తో ఆరు మిల్లీమీటర్ల బొక్క వేశాను. స్క్రూ ఊరికే తిరిగింది. ఐదుకు తగ్గించాను. పట్టింది, అబ్బా వేలాడినా రాలేదు. అదే స్క్రూను విప్పి మళ్లీ మళ్లీ బిగించాను. నాలుగోసారికి పట్టు సడలింది. ఇంకొక్కసారి వాడడానికైతే భయం లేదు. మెడ దగ్గర తుప్పు పట్టినవన్నీ అవతల పారేశాను. పాత రబ్బరు వాషర్లు పెళుసెక్కాయి. బదులు లారీ ట్యూబు కత్తిరించాం.

జూన్ 2
శేషన్నకు చెప్పాను. "మొన అరిగిందన్నా, థ్రెడ్ అరగలే. బొక్క నేనేస్తా, పట్టుకునేది అది పట్టుకుంటాది." చూద్దాంలే అని వెళ్లిపోయాడు.

జూన్ 9
చివరి రేకు బిగించాను. భుజాలు నావి కావు.

జూన్ 11, సాయంత్రం
నాలుగింటికి గాలి లేచింది. పక్కనున్న కట్టెల అడితి రేకులు రెండు మా కళ్ల ముందే ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. వెనకే వాన. సిద్దమ్మ మగ్గాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను పైకే చూస్తున్నాను. రేకులు మోగాయి, అంతే. కదల్లేదు. పడుగు మీద ఒక్క చుక్క పడలేదు.

వాన కాస్త తెరిపివ్వగానే శేషన్న తానే నిచ్చెన ఎక్కి, స్పానర్‌తో ఒక్కో స్క్రూ తిప్పి చూశాడు. తడిసి ముద్దై దిగాడు.

"ఒగటి గూడా వదులు కాలే. నూలు గోదాము గూడా నువ్వే కప్పాల, మేస్త్రీ."

మేస్త్రీ అన్నాడు. బడే సాబ్ కూతురా అనలేదు.

జూన్ 12
ఇంకా వాన. సిద్దమ్మ నేస్తూనే ఉంది. ఆ మగ్గం పక్కనే నేల మీద, పట్టపగలు, నిద్రపోయాను.