ఆరో సీసా

చర్ల దారి,
జూన్ 28.

బావకు,

నీ మరదలు కళావతి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అక్క జంపక్క వదినా బాగానే ఉన్నాం. నీ ఓడ ఇప్పుడు ఏ రేవులో ఆగిందో తెలియదు కాని, ఈ ఉత్తరం అందేసరికి నీ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ మొదటి మాట "డిగ్రీలెంత?" అనే. దానికి జవాబు చెప్పాక నాకు ఇంకే మాటా రాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అక్క మోకాలు నెమ్మదించింది. దవాఖానాలో ఇచ్చిన పట్టీ కట్టుకోమంటే "గిది కట్టుకొని నేనేమన్న పోలీసు భర్తీకి ఉరకాల్నా?" అంటుంది. వంటింటి రేకులు మార్పించాను. ఇక వైరా కాలేజీకి బదిలీ సంగతి. ఈసారి కూడా వద్దని రాసిచ్చాను. మా ప్రిన్సిపల్ ఉషారాణి గారు "ఏంది మేడం, రెండుసార్లు వదులుకున్నరు. ఈ అడివిల ఏమన్న పాతిపెట్టుకున్నరా?" అని నవ్వారు. 

ఆ ఆరు సీసాల కోసమే కదా ఆగాను. ఓడలో గొప్పవాళ్లకు వైన్ వడ్డించి కూడబెట్టినదంతా పెట్టి, తొమ్మిదేళ్ల కింద నువ్వు ఫ్రాన్సులో కొన్న పాత ఎర్ర వైన్. లోకంలో అలాంటి సీసాలు ఏటేటా తగ్గుతాయి, ఉన్నవాటి ధర పెరుగుతుంది అన్నావు. అవి అమ్మిన రోజు ఓడ దిగి వచ్చేస్తానన్నావు. మొదట ఐదేళ్లన్నావు, తరువాత ఇంకో నాలుగు. పోయిన ఉత్తరంలో "మరో ఐదేళ్లు ఆగితే రెట్టింపు" అని రాశావు. కరెంటుతో నడిచే చల్లటి పెట్టెలో, పదమూడు డిగ్రీల దగ్గర, చీకట్లో, పడుకోబెట్టి ఉంచాలి. కదిపితే అడుగున మడ్డి లేస్తుంది. నువ్వు చెప్పినవన్నీ నాకు నోటికి వచ్చు. మధిరలో చెల్లెలి ఇంటికి వెళ్లినా రెండో రోజుకే తిరిగొస్తాను. పాఠం చెబుతుంటే ఫ్యాను ఆగితే చాలు, ఇంట్లోనూ కరెంటు పోయిందేమోనని నా నోరూ ఆగిపోతుంది. పిల్లలు దానికి అలవాటుపడ్డారు. నిజంగా సీసాల కోసమే ఆగానా, లేక కదలడానికి భయపడి వాటి చాటున దాక్కున్నానా? ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. గత మూడు ఉత్తరాల్లోనూ "పదమూడే ఉంది" అని రాశాను. అది అబద్ధం.

మే నెల గాలివానకు చర్ల దారిలో స్తంభాలన్నీ ఒరిగాయి. తొమ్మిది రోజులు కరెంటు లేదు. ఇన్వర్టర్ నాలుగు గంటలు లాగి చచ్చిపోయింది. మర్నాడు మళ్లీ ఎండ, నలభై ఆరు డిగ్రీలు. నేను ఆ చల్లటి పెట్టె ముందు కూర్చుని తలుపు తెరవాలా వద్దా అని ఏడుస్తుంటే వదిన వచ్చింది.

"చల్లగుండాలంటే కరెంటే గావాల్నా పిల్లా? నీళ్ల కుండల కింద ఇసుకల పెడ్దాం పా. మా నాయిన సారా కుండ గట్లనే పెట్టెటోడు."

అది నాకు సబబుగా తోచింది. సీసాలకు గోనెపట్టా చుట్టి, తడి ఇసుకలో వరుసగా పడుకోబెట్టి పూడ్చాం. కరెంటు వచ్చాక కూడా మళ్లీ పోతుందేమోనని ఇంకో పది రోజులు అలాగే ఉంచాను. తీసి చూద్దును కదా, గోనెపట్టా లేదు. సీసాలమీది కాగితాలూ లేవు. చెదలు. ఎం.ఏ. చదివినదాన్ని, కాగితం సంగతి నాకు తట్టలేదు బావా.

లోపలి వైన్ ఒక్క చుక్క కూడా పోలేదు. వదిన సీసాను ఎండకెత్తి చూసి సంబరపడింది. ఆ కాగితం లేకపోతే అది ఏ తోటదో, ఏ ఏటిదో ఎవరూ నమ్మరని, కొనరని చెప్పాను. నీ రసీదు ఉంది, కాని అది ఈ సీసాలదేనని చెప్పేదెవరు? లోపలి బిరడామీద ముద్ర ఉంటుందన్నావు. అది చూడాలంటే సీసా తెరవాలి. తెరిస్తే అమ్మడానికి ఏం మిగులుతుంది?

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "అంటె గిన్నేండ్లు కాగితానికి కావలి గాసినవా?"

ఇంకొకటి ఉంది. వదినకు కూడా చెప్పలేదు. చెదలు తిన్నవి ఐదే. ఆరో సీసా గోడవైపు ఉండటంతో దాని కాగితం చెక్కుచెదరలేదు. తోట పేరు, సంవత్సరం, అన్నీ ఉన్నాయి. వదిన మేకల్ని తోలుకుపోయాక దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఈ ఒక్కటీ మిగిలిందంటే నువ్వు దీనికోసం ఇంకో ఐదేళ్లంటావు. తడి గుడ్డతో నానబెట్టి, గోరుతో గీకేశాను. చివరి ముక్క ఊడేదాకా గీకాను. తప్పు చేస్తున్నానని తెలుసు. చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆరింటినీ మళ్లీ ఆ చల్లటి పెట్టెలోనే పెట్టాను. ఎందుకూ కొరగావని తెలిసి కూడా ఈ ఉత్తరం మధ్యలో రెండుసార్లు లేచి కరెంటు చూసి వచ్చాను. నాకేమయిందో నాకే భయంగా ఉంది.

కొత్తల పండుగకు కొత్త బియ్యంతోపాటు ఒక సీసా తీద్దామంటోంది వదిన. "పెద్దలకు నాలుగు చుక్కలు నేల మీద పోసి మనం తాగుదాం. తమ్ముడొస్తె ఆడే పోస్తడు. రాకుంటె నేనే పోస్త" అంది. నేను వద్దనలేదు.

నువ్వు రాకపోవడానికి ఆ సీసాలే కారణమైతే, ఆ కారణం తీరిపోయింది. అవి కాక మరేదైనా ఉంటే దాచకుండా రాయి, చదువుతాను. తిట్టాలనిపిస్తే తిట్టు. కాని ఆ తిట్ల కింద, నువ్వు వచ్చే తేదీ ఒకటి రాయి.

ఇట్లు,
నీ మరదలు,
కళ