ఆవులసాలకు అద్దం పెంకులు

జలంత్రకోట,
కార్తీక మాసం, ఆదివారం ఉదయం.

అమ్మకు, నీ పెద్దకొడుకు ఢిల్లీశ్వరరావు దణ్ణం పెట్టి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, చెల్లి గౌరీశ్వరీ, పసిదీ బాగున్నారని తెలిసి స్థిమితపడ్డాను. చెల్లి పురిటికని వెళ్లినదానివి మోకాలి ఆపరేషను కూడా అక్కడే చేయించుకుని, కర్ర లేకుండా వాకిలి దాకా నడిచావట. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. ఫోనులో నా మాట నీకు వినపడక నువ్వక్కడా నేనిక్కడా అరిచి, మన సంగతులన్నీ ఊరికి వినిపించడం కంటే ఈ కాగితమే నయం.

నువ్వడిగినవాటికి జవాబులు. కొబ్బరికి పట్టిన తెల్లదోమ కొంచెం తగ్గింది. గేదె ఈనింది, పెయ్యదూడ. పెరట్లో పనసచెట్టు కొట్టించలేదు, కొట్టించను కూడా.

ఇక నీ పెద్ద ప్రశ్న. "చిన్నకోడలు హేమ ఆవులసాలలో ఏం చేస్తోంది? ఊళ్లోవాళ్లు నవ్వుతున్నారట, నిజమేనా?" అని రాయించావు. నవ్విన మాట నిజం. "ఏటి బావా, ఆవులెలిపోనాయని సాలలో మడుసుల్ని కడతన్నారా?" అని నన్నే అడిగినవాళ్లున్నారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

మాఘంలో నువ్వు బయల్దేరేనాటికి ఆ సాల ఎలా ఉందో నీకు తెలుసు. తిత్లీ తుఫానుకు సగం కప్పు పోయింది. ఆవుల్ని అమ్మేశాక పాత మోటార్లూ, చిరిగిన గోనెలూ, తేళ్లూ మిగిలాయి. అది తమ్ముడి వాటాకు వచ్చింది కనక, దుర్గాప్రసాద్ మిలటరీ నుంచి సెలవుకు వచ్చినప్పుడు హేమ ఆ సాల ఇమ్మని వాణ్నే అడిగింది. పెళ్లికి ముందు విశాఖలో బొమ్మలు వేయడం చదువుకున్న పిల్ల కదా. "నా ఒక్కదానికే కాదు. చేతిలో పనితనం ఉండి, ఇంట్లో చోటు లేనివాళ్లు వచ్చి కూర్చోవాలి" అంది. వాడు సరేనని మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను.

అమ్మా, ఆ పిల్ల పని నువ్వు చూడాల్సింది. నెలరోజులు కొంగు దోపుకుని గోనెలు మోసింది. గట్టిపడిన పేడను పారతో గీకి, కింద నాన్న పరిపించిన రాళ్లు బయటపెట్టింది. తాటిదూలాలు ఒక్కొక్కటీ తట్టి చూసి, పుచ్చినవి రెండే అంది. నేను ఆరన్నాను. వడ్రంగి వచ్చి రెండే అన్నాడు. పనికొచ్చేది ఏదీ పారేయలేదు. కుడితి తొట్టిలో ఇప్పుడు టెక్కలి నుంచి వచ్చే కుమ్మరి యువరాజు మట్టి నానబెడతాడు. గడ్డి వేసే గాడి పొడవునా రంగుల డబ్బాలు. కట్టుకొయ్యలకు తాళ్లు కట్టి గుడ్డలు ఆరేస్తారు. పోయిన కప్పు మళ్లీ వేయించి, ఉత్తరం వాలులో పన్నెండు చోట్ల మట్టిపెంకులు తీయించి అద్దం పెంకులు పెట్టించింది. "ఎండ మీద పడకూడదు బావగారూ, వెలుగు మాత్రం రావాల" అని తనే కింద నిలబడి చోటు చూపించింది. ఆ సాలలో అంత వెలుతురుకు వీలుందని ఇన్నేళ్లలో నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. తాళం చెవి ఏ ఒక్కరి దగ్గరా ఉండదు, గుమ్మం పక్క గూట్లో ఉంటుంది. ఎవరు ముందొస్తే వాళ్లు తీసి ఊడుస్తారు. వాళ్లలో లావణ్య అని ఒకమ్మాయి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. సెలవు దొరికే ఆదివారం వచ్చి గుడ్డ మీద బొమ్మలు వేస్తుంది. వరసగా కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్లు, ఆటోలో ఒకరిమీద ఒకరు పడి నిద్రపోతూ ఇంటికొచ్చే ఆడవాళ్లు. ఆ బొమ్మల్లో ఎవరికీ మొహం సరిగ్గా ఉండదు గానీ, వీపు చూసి ఎవరో చెప్పేయొచ్చు.

ఇంతవరకూ రాయడానికి నాకు ఇబ్బంది లేదు. ఇకపైది రెండు ఉత్తరాలుగా దాచుకున్న సంగతి. ఆషాఢంలో గాలికి సాల పెంకులు లేచిపోయాయని నీకు రాశాను. గాలి కాదమ్మా. నేను.

పలాసలో వ్యాపారి గణపతిరావు పిక్కలు నిల్వ పెట్టుకోవడానికి చోటు అడిగితే, హేమ ఎలాగూ మానేస్తుందన్న ధీమాతో సాల ఇస్తానని మాటిచ్చేశాను. హేమ మానలేదు. అతను రోజూ ఫోను చేసేవాడు. నలుగురిలో మాట పోతుందని నాకు ఉక్రోషం. హేమ టెక్కలి పుట్టింటికి వెళ్లిన రోజు, ఇద్దరు కూలీలను పెట్టి దక్షిణం వాలు పెంకులు దింపించాను. ఒక్క వాన పడితే విసిగి వదిలేస్తుందనుకున్నాను. లోపల ఏమున్నాయో తలుపు తీసి చూడలేదు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. రెండు రోజులు విడవలేదు.

లోపల లావణ్య గుడ్డలు పన్నెండున్నాయి. విశాఖలో ప్రదర్శనకు పంపాలని మూడు నెలల ఆదివారాలు కూర్చుని వేసినవి. రంగులన్నీ కలిసి బురదైపోయాయి.

హేమ తిరిగొచ్చి చూసింది. "గాలికి లేచిపోయాయమ్మా" అన్నాను. గోడ వెనక్కు నడిచింది. నేనూ వెళ్లాను. కూలీలు పెంకుల్ని వరసగా పేర్చి పెట్టారు.

"గాలికైతే పగిలిపోవాల బావగారూ. ఇవి దొంతర్లు పెట్టున్నాయి" అంది.

అంతే. తమ్ముడికి రాయలేదు, నీకు చెప్పలేదు, వాకిట్లో ఎవరి దగ్గరా ఎత్తలేదు. మర్నాడు నాకు ఎప్పటిలాగే కాఫీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని.

లావణ్య అది గాలివానే అనుకుంది. తడిసిన గుడ్డలు నేలమీద పరుస్తూ నాకు చేతులు చాపి చూపించింది. జీడిసొన తగిలి వేళ్ల కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. "సూడు మావా. రేసన్ కొట్టుకాడ యేలిముద్దర పడదు. మిషను నన్ను నేను కాదంటాది. ఈ గుడ్డమీద గీత పడితే మాత్రం, ఇది లావణ్య గీసిందేనని ఎవులైనా సెప్పేత్తారు. మళ్లీ గీత్తాను, ఏటవుద్ది" అంది.

మర్నాడు గణపతిరావుకు కుదరదని చెప్పేశాను. అనాల్సినవన్నీ అన్నాడు, పడ్డాను. కూలీలను పిలవకుండా నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి పెంకులన్నీ నేశాను. కానీ నోరు విప్పలేకపోయాను. లావణ్య పన్నెండు గుడ్డలూ మళ్లీ వేసింది. అవి విశాఖ వెళ్లే వ్యాను గుమ్మంలో ఆగిన రోజు ఇక దాచలేక, ఏడుగురి ముందూ జరిగింది చెప్పేశాను. హేమ తల దించుకుని గుడ్డలు చుడుతూనే ఉంది.

చుట్టిన గుడ్డలన్నీ లావణ్య వ్యానులోకి ఎక్కించింది. తర్వాత, "గుడ్డలు మళ్లీ గీసినాను. ఆ ఆదివారాలు మళ్లీ రావు కదా మావా" అంది. వ్యాను వెళ్లిపోయాక తనే వచ్చి, "ఇకనించి గుడ్డలకి గంజి నువ్వే పెట్టు. నాకు గీసుకోడానికి ఆ పూట మిగుల్తాది" అంది.

నాలుగు ఆదివారాలుగా పెడుతున్నాను. మొదటివారం ఉండలు కట్టింది. యువరాజు చూసి నవ్వాడు గానీ, ఎలా కలపాలో అతనే నేర్పాడు.

ఈ సంగతి తమ్ముడికి నేనే రాస్తాను. నువ్వు చెప్పకు. నన్ను ఏమనాలనిపిస్తే అది చెల్లి చేత దాచకుండా రాయించు. పొయ్యి మీద గంజి కాగుతోంది. లోపల వాళ్లు గుడ్డలు తడిపి నా కోసం చూస్తున్నారు, వెళ్లాలి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
ఢిల్లీ