ఆదివారం తవ్వాల్సిన వేరు

శ్రీశైలం,

నేను బడికి వెళ్తున్నాను. పదింటికి ఆటో వస్తుంది, ఎక్కి నాగర్‌కర్నూల్ దవాఖానకు పో. మజ్జిగన్నం పొయ్యి పక్కన ఉంది. రాత్రే చూశాను, నీ కళ్లు పచ్చబడ్డాయి.

నిరుడు మీ అన్నకూ కామెర్లే. "దవాఖాన ఎందుకు వదినా, బ్రహ్మదండి వేరు సాలు. గని ఆదివారం పొద్దుగాల, మాట్లాడకుండ తవ్వాలె" అని నాలుగు రోజులు ఆపావు. దగ్గుకు, అజీర్తికి మా అమ్మ కూడా ఆ వేరునే ఇచ్చేది, అందుకే నేనూ నమ్మాను. మీ అన్న శనివారమే పోయాడు.

నువ్వు ఆదివారం దాకా ఆగొద్దు. నువ్వు బతకాలి. బతికి, రోజూ నా ముఖం చూడాలి.

వదిన

పెరట్లో బ్రహ్మదండిని పొద్దునే పీకేశాను. ఇవాళ గురువారం. పోయిన మీ అన్నతో మాట్లాడుతూనే పీకాను.