తీతువు తెచ్చిన తడి

ఏప్రిల్ 23, గురువారం

బడి బస్సులో వెళ్ళాం. రియాద్ దాటి గంట ప్రయాణం. అభయారణ్యం అన్నారు గానీ అరణ్యం లేదు. వాదిలో, అంటే ఎండిన వాగులో, నగరం శుద్ధి చేసి వదిలిన నీళ్ళు, వాటి వెంట తుంగ, ఆ పైన కంచె దాకా పచ్చిక మైదానం — ఎండకు సగం పసుపు. నేను "నది" అంటే వెనక సీట్లో నవ్వారు. పారుతోంది కదా. నది అనే రాసుకుంటాను.

జింకలు చాలా దూరంగా... చుక్కల్లా. గైడు చేతిలో కాగితం, అది చదివేశాడు, అయిపోయింది.

అసలు సంగతి చెప్పింది రాజలింగం కాక. నాన్న వాళ్ళ ఊరే. పదకొండేళ్ళుగా అక్కడ జంతువుల తొట్లకు నీళ్ళ ట్యాంకర్ నడుపుతున్నాడు. నన్ను గుర్తుపట్టి ఇంజను ఆపాడు.

"ఇటు రా బిడ్డా. కింద సూసుకుంట అడుగెయ్యి."

వరసగా మూడు రాళ్ళు. వాటి అవతల వట్టి నేల మీద, గూడు కూడా లేని గుంటలో తీతువు గుడ్లు. కంకర రంగు. చక్రం కింద పడకుండా ఆ రాళ్ళు కాకే పెట్టాడట.

"ఎండ ముదిరినంక సూడాలె. నీళ్ళల్ల పొట్ట నానవెట్టుకొని వస్తది. గట్లనే గుడ్ల మీద కూసుంటది. సల్లవడాలె గద."

పొట్ట నానబెట్టుకుని! రాత పుస్తకంలో మూడుసార్లు రాశాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

అమ్మ — "తీతువా? అది ఇంటి మీదికెల్లి కూస్తెనే మంచిది కాదంటరు. రాయనీకె ఇంకో పిట్ట దొరకలేదా నీకు?"

దొరకలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

ఆ యాత్ర రిపోర్టు లత మేడమ్‌కి ఇచ్చేశాను. ఆరు పేజీలు. ఇంగ్లిషులోనే, కానీ ప్రతి వాక్యం ముందు తెలుగులో అనుకుని చూశాను. మొదటి వాక్యం ఇది: ఈ పక్షి గురించి నాకు చెప్పింది, అక్కడ ట్యాంకర్ నడిపే రాజలింగం.

ఏప్రిల్ 28, మంగళవారం

మొదటి వాక్యం మీద ఎర్ర గీత.

లత మేడమ్ది విజయవాడ. నాతో తెలుగులోనే మాట్లాడతారు. "చాలా బాగా రాశావమ్మా. ఎగ్జిబిషన్‌కి పంపుదామనే ఉంది. కానీ ట్యాంకర్ డ్రైవర్ చెప్పాడంటే జడ్జిలు నవ్విపోతారు. ఆ పేరు తీసేసి ఏదో ఒక వెబ్‌సైట్ పెట్టెయ్యి."

"నేను అందులో చదవలేదు మేడమ్."

"ఇప్పుడు చదువు."

ఆదివారం దాకా గడువు.

ఏప్రిల్ 29, బుధవారం

చదివాను. ఒక సైట్‌లో రెండు వాక్యాలున్నాయి — తీతువు పొట్ట ఈకలు తడుపుకుని గుడ్లను చల్లబరుస్తుందని. అంటే కాక చెప్పింది నిజం. నిజమని తేలాక కాక పేరు పోవాలా? ఆ సైట్ కంటే ముందు నాకు చెప్పింది ఎవరు?

నేను తీయను.

మే 1, శుక్రవారం

నాన్న తీసుకెళ్ళాడు. కాక ట్యాంకర్ నీడలో ముగ్గురం కూర్చున్నాం. చెమట, మజ్జిగ సీసా, ఎదురుచూపు... నాన్న గొణుగుడు — "గీ ఎండల పిట్టలు కూడ రావు, మనమే వస్తం."

వచ్చింది. నీళ్ళ వైపు నుంచి పరుగు, ఆగడం, మళ్ళీ పరుగు. పొట్ట కింద ఈకలు జుట్టులా అతుక్కుని ఉన్నాయి. ఒక చుక్క రాలడం చూశాను. నా కళ్ళతో. గుడ్ల మీద కాస్త కదిలి, సర్దుకుని కూర్చుంది. నాన్న ఫోన్‌లో వీడియో తీశాడు. చూస్తే అన్నీ రాళ్ళే, పక్షి కూడా ఒక రాయే.

అప్పుడు ఎర్ర గీత సంగతి చెప్పాను. కాక ముఖం మారింది.

"పేరు వద్దు బిడ్డా. ముదీర్, గదే మా పెద్ద సారు, సూసిండనుకో, ట్యాంకర్ నడుపుమంటె పిట్టల సూసుకుంట కూసుంటున్నవా అంటడు."

నాన్న కూడా — "తీసెయ్యరాదు. నౌకరి మీదికి తెస్తవా ఏంది?"

నేను ఇది ఆలోచించలేదు. మేడమ్‌తో పోట్లాటే ఆలోచించాను. సిగ్గేసింది.

కానీ నోరు ఊరుకోలేదు. "నీకిష్టం లేకుంటె రాయ కాకా. పేరు లేకుంటె మాత్రం రిపోర్టు ఇయ్యనే ఇయ్య. ఎగ్జిబిషన్ లేకపోతె లేకపాయె."

కాక లేచాడు. ట్యాంకర్ ఎక్కి, మూడు రాళ్ళ పక్కనుంచి చుట్టు తిప్పుకుని పోయాడు.

మే 2, శనివారం

ఉదయం — కాక నుంచి మెసేజ్ లేదు.

మధ్యాహ్నం — లేదు. ఆరు పేజీలూ డ్రాయరులో పెట్టి మూసేశాను. ఏడవలేదు. ఏడవను.

సాయంత్రం — కాక వాయిస్ మెసేజ్. వెనకాల ఇంజను చప్పుడు.

"బిడ్డా, రాత్రంత సోంచాయించిన. పదకొండేండ్ల సంది ముదీర్ నన్ను యా సదీక్, యా సదీక్ అనే పిలుస్తుండు, ఓ దోస్తూ అన్నట్టు. నా పేరు ఆయనకు ఎర్కనే లేదు. తెలిస్తె తెలువనీ. రాయి. ఇగ, గుడ్లు మూడని రాసినవట, మీ నాయన చెప్పిండు. నాలుగు. సక్కగ రాయి."

అవును, నాలుగే. ఒకటి మట్టిలో కాస్త కూరుకుపోయి ఉంది. మేడమ్ ఆ తప్పు పట్టుకోలేదు.

మొదటి పేజీ కొత్తగా రాశాను. పేరు అక్కడే, మొదటి వాక్యంలో, పూర్తిగా, ఊరుతో సహా. సైట్ పేరు కింద రాశాను, రెండో ఆధారంగా.

మే 3, ఆదివారం

మొదటి పీరియడ్‌కి ముందే స్టాఫ్ రూమ్. మేడమ్ మొదటి పేజీ చదివారు. నన్ను చూశారు. మళ్ళీ చదివారు.

"నీకు చెప్పాను కదమ్మా."

"చెప్పారు మేడమ్. నేను అక్కడికి వెళ్ళి చూసొచ్చాను. నాలుగు గుడ్లు."

మేడమ్ ఎర్ర పెన్ను మూత తీశారు. బయట బడి గంట మోగింది. నేను కదలలేదు. మళ్ళీ గీత గీసినా సరే, ఆ పేరు తీయను.