ఉత్త చేతుల ఆట

గారీ, 1956 ఆగస్టు 6

ప్రియమైన కాజిమిర్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాశాను. ఆ సాఫ్ట్‌బాల్ ఆటలో నీ మూడు వేళ్ళు ఎప్పుడో వంకర పోయాయి. నాలుగోది విరిగాక కత్తి పట్టలేకపోయావు, కబేళాలో పని ఊడింది. గ్లవ్స్ వేసుకుంటే పరువు పోతుందా? షికాగోలో అందరూ ఉత్త చేతుల్తోనే ఆడతారంటావు. ఆ షికాగో వచ్చి మన పిల్ల బ్రోన్యాకి రొట్టె పెడుతుందా?

21న నీకు వెల్డింగు పరీక్ష. అందాకా బంతి ముట్టుకోకు. పని దొరికిందని రాయి, మర్నాడే మా అక్కకి చెప్పి బండెక్కుతాం. లేదంటే పిల్లని ఇక్కడే, గారీలోనే బళ్ళో వేసేస్తాను.

ఇంకా నీదాన్నే,
జెనా

షికాగో, ఆగస్టు 10

నా జెనా,

మా అమ్మ మీద ఒట్టు, ఆడను. 19న ఫైనల్. వెళ్తాను గానీ, బెంచీ మీద కూర్చుని స్కోరు పుస్తకం రాస్తానంతే. మా జట్టులో లూడ్విక్ అప్పుడే మొదలెట్టాడు: "ఏరా, ఇక పియానో వాయించుకుంటావా? గోళ్ళకి రంగు కూడా వేసుకో!" నవ్వేశాను.

ఇల్లు బోసిపోయింది. బ్రోన్యా పాత బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, తీయబుద్ధి కాలేదు.

మీ కాజిమిర్

ఆగస్టు 20

జెనా,

ఎడం చేత్తో రాస్తున్నాను. నీకు అర్థమైపోయుంటుంది. కానీ ఆడలేదే, నిజంగా ఆడలేదు!

మొదటి ఇన్నింగ్స్. కొత్త బంతి, గుమ్మడికాయంత, ఇంకా మెత్తబడలేదు, రాయే. బ్యాటు అంచుకి తగిలి, ఫౌలై, పక్కకెగిరి మా బెంచీ మీదికొచ్చింది. సరిగ్గా అప్పుడే బ్రోన్యా "నాన్నా" అని పిలిచినట్టయింది. మీ ధ్యాసలో పిచ్చెక్కింది కాబోలు, అటు తిరిగాను. చెయ్యి మాత్రం దానంతటదే లేచింది. ఇరవయ్యేళ్ళ అలవాటు, పాడు చెయ్యి! చూపుడు వేలు విరిగింది. లూడ్విక్ పక్క వేలితో కలిపి టేపు చుట్టాడు.

పరీక్ష రేపే. ఏం చెయ్యనే?

కాజిమిర్

ఆగస్టు 29

జెనా,

పరీక్షలో వెల్డింగు టార్చి పట్టలేకపోయాను. పరీక్ష పెట్టిన మేస్త్రీ నా వేళ్ళకున్న టేపు చూసి, తన చెయ్యి చాపాడు. అన్నీ వంకర వేళ్ళే. "ఏ పార్కులో ఆడతావు?" అని ఆప్యాయంగా అడిగి, పంపించేశాడు.

కబేళాకి పోయి నేల ఊడుస్తానన్నాను. వద్దన్నారు.

నా మాట నమ్మవు కదూ? నీ చోట నేనున్నా నమ్మను. తిట్టు జెనా, నోరారా తిట్టు. ఇలా ఒక్క ముక్క రాయకుండా మాత్రం చంపకు. బ్రోన్యా బూట్లు పోస్టులో పంపెయ్యనా? అదైనా చెప్పు.

కాజిమిర్

గారీ, సెప్టెంబరు 2

ప్రియమైన కాజిమిర్,

బూట్లు పంపకు.

ఫైనల్ జరిగిన ఆ ఆదివారం మేమొచ్చాం. నీ ఒట్టు మీద నమ్మకం లేక, దొంగలా కంచె వెనక నిలబడి చూశాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నావు. నాకు ఏడుపొచ్చింది. "పిలవ్వే, మీ నాన్నని పిలు" అని బ్రోన్యాతో అన్నది నేనే. బంతి వస్తోందని చూసుకోలేదు.

నీకు మొహం చూపించలేక పిల్ల నోరు మూసి స్టేషనుకి లాక్కుపోయాను. రెండు వారాల్నుంచి "నాన్న చేతికేమైంది?" అని అడుగుతూనే ఉంది. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా నిజం రాద్దామని కూర్చోవడం, చింపెయ్యడం. నీ పొట్ట కొట్టింది నేనే కాజిమిర్.

బుధవారం బండికి వస్తున్నాం. కబేళాలో మాంసం పొట్లాలు కట్టే పనికి ఆడవాళ్ళని తీసుకుంటున్నారట, నేను చేరతాను. నా వేళ్ళు పదీ తిన్నగానే ఉన్నాయి.

నువ్వు ఎంతైనా తిట్టుకో. తలుపు మాత్రం తియ్యి.

నీ జెనా